పెట్టె అందం – పెట్టె గుణం

మా బడి కంప్యూటరు గదిలో బల్లకింద ఉన్న పెట్టెను పిల్లలంతా "సి.పి.యు." అంటారు. కొందరు మాస్టర్లూ అలాగే అంటారు. నిజానికి సి.పి.యు. అంటే లోపల ఉండే, అగ్గిపెట్టెంత చిప్పు. బయటి పెట్టె పేరు క్యాబినెట్. పేరు తప్పు చెబితే పెద్ద నష్టం లేదు. పెట్టెను తప్పుగా ఎంచుకుంటే మాత్రం నష్టమే. ఆ సంగతి మేము అనుభవం మీద తెలుసుకున్నాం.

కొన్నేళ్ళ కిందట బడికి కంప్యూటర్లు కొన్నాం. దుకాణంలో ఉన్న పెట్టెల్లో ముందువైపు నల్లగా నిగనిగలాడుతూ, నీలం దీపాలు వెలిగేవి మాకు నచ్చాయి. ఎంచినవారిలో నేనూ ఒకడిని. ఏప్రిల్ వచ్చేసరికి అవి పని మధ్యలో ఒక్కొక్కటే ఆగిపోసాగాయి. ఒకరోజు తొమ్మిదో తరగతి అమ్మాయి తీగ తగిలించబోతే వెనకరేకు అంచు గీసుకుని వేలు తెగింది. అప్పుడు పక్కరేకు ఊడదీసి చూశాను. ముందువైపు ఫ్యాన్ ఉంది. దాని ముందు ప్లాస్టిక్ పలక మూతలా బిగిసి ఉంది. గాలి వచ్చే దారే లేదు!

శక్తి నశించదని మీరు చదువుకున్నారు కదా. మరి కంప్యూటరు తీసుకున్న విద్యుత్తు ఏమవుతుంది? అది బరువులెత్తదు, నీళ్ళు తోడదు. ఆ విద్యుత్తు దాదాపు అంతా చివరకు వేడిగానే మారుతుంది. 100 వాట్లు తీసుకునే యంత్రం సెకనుకు 100 జౌళ్ళ వేడి పుట్టిస్తుంది. ఒక లీటరు గాలి బరువు సుమారు 1.2 గ్రాములు. ఒక గ్రాము గాలిని ఒక డిగ్రీ వేడెక్కించడానికి సుమారు ఒక జౌలు కావాలి. లోపలి గాలి బయటికన్నా 10 డిగ్రీలకు మించి వేడెక్కకూడదంటే, లీటరు గాలి మోయగలిగేది 12 జౌళ్ళు. అంటే సెకనుకు 8 లీటర్లకు పైగా గాలి పెట్టెలోంచి పోవాలి. రెండు సెకన్లకు ఒక బకెట్టెడు గాలి అన్నమాట! గదిలోనే 42 డిగ్రీలుంటే బయటికి వచ్చే గాలి 52 డిగ్రీలుంటుంది. చిప్పు ఇంకా వేడిగా ఉంటుంది. వేడి హద్దు మీరితే అది తనను తాను కాపాడుకోవడానికి నెమ్మదిస్తుంది, లేదా ఆగిపోతుంది.

పెద్ద కంపెనీలకూ ఈ పాఠం ఊరికే రాలేదు. 1980లో ఆపిల్ కంపెనీ "ఆపిల్ 3" అనే కంప్యూటరును తెచ్చింది. అందులో ఫ్యాన్ లేదు. అల్యూమినియం పోత అడుగే వేడిని బయటికి పంపుతుందనుకున్నారు. మొదట వచ్చిన యంత్రాలు చాలా ఇబ్బంది పెట్టాయి. సాకెట్లలో చిప్పులు వదులయ్యేవి. లోపలి బోర్డు లోపాలూ తోడయ్యాయి. 1984లో దాన్ని ఆపేశారు.

కాబట్టి నా అభిప్రాయం ఇది: క్యాబినెట్‌ను ముందునుంచి కాదు, పక్కరేకు తీసి ఎంచాలి.

మొదట గాలి దారి చూడండి. పెంకుటింట్లో వంటింటి పొగ పైనున్న గవాక్షంలోంచి పోతుంది. అలాగే చల్లగాలి ముందునుంచి కిందుగా వచ్చి, వేడిగాలి వెనకనుంచి పైగా పోవాలి. గాలి వచ్చేచోట దుమ్మును ఆపే వల ఉండాలి. అది సులువుగా ఊడివస్తేనే దాన్ని ఎవరైనా శుభ్రం చేస్తారు.

తర్వాత రేకు. బొటనవేలితో నొక్కితే లొట్టపడకూడదు. అంచులు మడిచి ఉండాలి.

మూడోది ఎర్త్. ఎర్త్ లేని ప్లగ్గులో పెడితే, పవర్ సప్లైలోని కెపాసిటర్ల మూలంగా పెట్టె లోహానికి కొద్దిగా విద్యుత్తు చేరి, తాకితే జిల్లుమంటుంది. ఇంకేదైనా తీగ తొడుగు చెడి లోహానికి తగిలితే ప్రాణాపాయమే. అందుచేత పవర్ సప్లై పెట్టె లోహానికి గట్టిగా బిగిసి ఉండాలి. మూడు పిన్నుల ప్లగ్గుకు నిజమైన ఎర్త్ ఉండాలి. ఇది ముట్టుకుని చూసే పరీక్ష కాదు సుమా! ఎలక్ట్రీషియన్ చేతనే చేయించాలి.

చివరిది కొలతలు. ఇంటెల్ కంపెనీ 1995లో ఏ.టి.ఎక్స్. అనే కొలతల పద్ధతిని తెచ్చింది. దాని ప్రకారం చేసిన పెట్టెలో పాత బోర్డు తీసి కొత్తది బిగించుకోవచ్చు. చిప్పు పాతబడుతుంది, మంచి పెట్టె మరోసారి పనికివస్తుంది.

అయితే అందం వద్దా మాస్టారూ, అంటారేమో. వద్దనను. గాలి దారి సరిగా ఉంటే దీపాలుండనీ, అద్దముండనీ. దారి మూసి తెచ్చుకున్న అందమే వద్దంటాను.

మేము ఆ ప్లాస్టిక్ పలకలు పీకేసి, దోమతెర గుడ్డ బిగించాం. ఇప్పుడవి చూడముచ్చటగా లేవు. వారానికొకసారి గుడ్డ దులపడం పిల్లల వంతు. మరుసటి ఏప్రిల్‌లో పాఠం మధ్యలో ఆగిన యంత్రాలు చాలా తక్కువ.

మీ బడికి ఎప్పుడైనా కంప్యూటర్లు కొంటుంటే, మొహమాటపడకుండా మీ మాస్టారిని ఒక్క మాట అడగండి: "పక్కరేకు తీసి చూశారా, సార్?"