కొండ చలి, కొడవలి కణం

డిసెంబరు రాగానే విశాఖ నుంచి కార్లు లంబసింగి దారి పడతాయి. మంచు చూడాలని, చలిమంట కాచుకోవాలని మనవాళ్ల సరదా. చింతపల్లి, పాడేరు చుట్టుపక్కల గూడేల్లో సికిల్ సెల్ ఎనీమియా ఉన్న పిల్లలకు ఆ చలే గండం. ఒళ్లు చల్లబడినా, నీళ్లు తక్కువ తాగినా, జ్వరం తగిలినా గుండ్రటి ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగి సన్నని నాళాల్లో ఇరుక్కుంటాయి. పసివాళ్లకు ముందు చేతులూ కాళ్లూ వాస్తాయి. ఎదిగేకొద్దీ ఎముకల్లో భరించలేని నొప్పి. అది కీళ్లవాతమనుకుని నెట్టుకొచ్చి, ముదిరాక ఘాట్ రోడ్డు దిగి విశాఖలోని కేజీహెచ్ ఆసుపత్రికి చేరేవాళ్లుంటారు. రోజూ వేసుకునే హైడ్రాక్సీయూరియాతో ఆ నొప్పులు చాలావరకు తగ్గుతాయి. అయితే జబ్బేమిటో ముందు తెలియాలి కదా!

ఈ జబ్బుకు కారణమైన జన్యువు తల్లిదండ్రుల్లో ఒక్కరి నుంచే వస్తే ఆ బిడ్డ వాహకుడే తప్ప రోగి కాడు. వాహకులకు సాధారణంగా ఏ ఇబ్బందీ ఉండదు. పైగా పసితనంలో ప్రాణాంతక మలేరియా నుంచి కొంత రక్షణ కూడా. జ్వరాల మన్యంలో ఈ జన్యువు తరతరాలుగా నిలిచింది అందుకే. చిక్కంతా ఇద్దరు వాహకులు దంపతులైనప్పుడు. ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం 25 శాతం. పెద్దబిడ్డకు వచ్చింది కనుక తర్వాతివాళ్లకు రాదనుకోవడం పొరపాటు, కాన్పు కాన్పుకూ ఆ లెక్క మళ్లీ మొదటికొస్తుంది. మేనరికాల్లో ఇద్దరూ వాహకులయ్యే వీలు ఇంకా ఎక్కువ.

ఇది కొండమీది వాళ్ల గొడవేనని నగరం అనుకోరాదు. పోర్టుకూ ఉక్కు కర్మాగారానికీ నలుమూలల నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాల ఊరిది. దంపతుల్లో ఒకరిది సికిల్ జన్యువు, మరొకరిది బీటా థలసీమియా జన్యువు అయినా, ఆ రెండూ కలిసిన బిడ్డకు కష్టమే.

తొలి పరీక్ష ఖరీదైనదేమీ కాదు. ద్రావణంలో కాస్త రక్తం కలిపి, గొట్టం వెనక గీతలున్న కాగితం పెడతారు. గీతలు కనిపిస్తే సికిల్ లేనట్టు, మసకబారితే ఉన్నట్టు. రోగి ఎవరో, వాహకుడెవరో ఆ మసక చెప్పదు. అది తేల్చాల్సింది ఎలక్ట్రోఫోరెసిస్ లేదా హెచ్‌పీఎల్‌సీ. ఈ రెండు పరీక్షల నడుమ రోజుల్లోనే పుకార్లు పుడతాయి, సంబంధాలు తప్పిపోతాయి. నష్టం ఎక్కువగా ఆడపిల్లకే.

2023 జులై 1న మధ్యప్రదేశ్‌లోని శహడోల్‌లో మొదలైన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన మిషన్ 7 కోట్ల మందిని పరీక్షించాలని, 2047 కల్లా ఈ సమస్యను రూపుమాపాలని సంకల్పించింది. మంచి పనే. కానీ పరీక్ష ఫలితం రాసిన కార్డు చేతిలో పెట్టి వెళ్లిపోతే అది ఆడపిల్ల మెడకు చుట్టుకుంటుంది. సంబంధాలు చూడకముందే, ఆశ్రమ పాఠశాలల్లోనే, అబ్బాయిలకూ అమ్మాయిలకూ ఈ సంగతి చెప్పాలి. కువి మాట్లాడే ఇంట్లో కువిలో, ఆదివాసీ ఒడియా మాట్లాడే చోట ఆ భాషలో చెప్పాలి. రక్తం తీసుకువెళ్లినవారే ఫలితం పట్టుకుని మళ్లీ ఆ గుమ్మానికి వచ్చి, ఇంటిల్లిపాదికీ అర్థమయ్యేదాకా కూర్చోవాలి.