పక్షవాత రోగికి మాత్రలు చాలవు. చేతికి పని మళ్లీ నేర్పాలి

షాబాద్: పక్షవాతం వచ్చిన మనిషి పట్నం ఆసుపత్రిలో ప్రాణం దక్కించుకొని ఇల్లు చేరిన తరువాతే అసలు సమస్య మొదలవుతున్నది. అన్నం కలుపుకోవడం, అంగీ తొడుక్కోవడం, బర్రె పాలు పిండడం మళ్లీ ఎట్లాగన్నది మందుల చీటీలో వుండదు. కూరగాయలు, పూలు, పాడి మీద ఆధారపడిన షాబాద్, చేవెళ్ల, మొయినాబాద్ మండలాల్లో కష్టం చేసే చేయి పడిపోతే సంసారమే కుంటుపడుతుంది.

పోయిన పనిని మళ్లీ నేర్పే వైద్యం ఒకటి వుంది. దానిని ఆక్యుపేషనల్ థెరపీ, అంటే వృత్తి చికిత్స అంటారు. ఫిజియోథెరపీ ముఖ్యంగా కాలు చేతులకు కదలిక, బలం తెస్తుంది. వృత్తి చికిత్స ఆ కదలికను రోజువారీ పనికి మళ్లిస్తుంది. కమలా నింబ్కర్ 1950లో బొంబాయి కె.ఇ.ఎం. ఆసుపత్రిలో ఈ విద్యకు పాఠశాల ప్రారంభించారు. 2021 నాటి కేంద్ర చట్టం ఈ వృత్తికి గుర్తింపు ఇచ్చింది. అయినా పల్లెల్లో దీని పేరు విన్నవారు అరుదు.

ఈ తెలియనితనం వల్ల రెండు రకాల నష్టం జరుగుతున్నది. కొందరు తాయెత్తులు, పావురం రక్తం మర్దనా నమ్ముకొని, కోలుకొనే అవకాశం ఎక్కువగా వుండే మొదటి నెలలు పోగొట్టుకుంటున్నారు. మరికొందరు ప్రేమకొద్దీ అన్నీ నోటికి అందిస్తున్నారు. పని లేని చేయి బిగుసుకుపోతుంది.

నేర్చుకోవలసిన వాటిలో చాలా వాటికి ఖర్చు లేదు. రోగిని పడిపోయిన చేయి పట్టుకొని లేపరాదు; భుజం కీలు జారే ప్రమాదం వుంది. అంగీ ముందుగా ఆ చేతికే తొడగాలి, విప్పేటప్పుడు చివరగా తీయాలి. చెంచా కాడకు గుడ్డ చుట్టి లావు చేస్తే పట్టు దొరుకుతుంది. స్నానం స్టూలు మీద కూర్చోబెట్టి చేయించాలి. రోగి చేసుకోగలిగిన పనిని, ఆలస్యమైనా, అతని చేతనే చేయించాలి. బి.పి. మాత్రలు నయమైందని ఆపితే మళ్లీ పక్షవాతం వచ్చే ప్రమాదం వుంది.

ఈ మాటలు ఇంటికి చేర్చేదెవరన్నదే ప్రశ్న. 2010-11లో కేంద్రం ప్రారంభించిన వృద్ధుల ఆరోగ్య పథకంలో సామాజిక ఆరోగ్య కేంద్రాలకు పునరావాస కార్యకర్తను, మంచాన పడినవారిని ఇంటి వద్దే చూసే సేవను నిర్దేశించారు. 30 ఏళ్లు దాటినవారికి బి.పి., షుగరు పరీక్షల కోసం ఆశా కార్యకర్తలు ఇల్లిల్లూ తిరుగుతున్నారు. వారికి ఈ నాలుగు మెళకువలు నేర్పితే సగం పని అవుతుంది.

అయితే చెప్పి వెళ్లిపోతే ప్రయోజనం లేదు. అర్థమైందా అంటే తల వూపనివారుండరు. ఇంటివారి చేత ఒకసారి చేయించి చూడాలి. అలాగే ఆసుపత్రి నుంచి రోగిని ఇంటికి తెచ్చేముందు, రేపటి నుంచి ఏ పని ఎట్లా చేయించాలో చూపించమని అడగడం కుటుంబీకుల హక్కు. మూతి వంకర, చేయి తిమ్మిరి, మాట తడబాటు కనిపించిన వెంటనే 108కి ఫోన్ చేయాలి. గడ్డ కరిగించే ఇంజక్షనుకు గడువు సుమారు నాలుగున్నర గంటలే.