దేవుడి కుర్చీలో ప్లేస్‌మెంట్ సెల్

దైవశాస్త్రం కూడా ఒక సబ్జెక్టేనా, యూనివర్సిటీలో దానికి చోటెందుకు అనే మాట ఈమధ్య మళ్లీ జోరందుకుంది. ఇంగ్లండులో ఫలానా థియాలజీ విభాగం మూతపడిందని తెలియగానే మన హేతువాద మిత్రులు కొందరు పీడ విరగడైందని సంబరపడుతున్నారు. 1614లో మొదలై, తర్వాతి కాలంలో లండన్ యూనివర్సిటీలో భాగమైన హీత్రాప్ కాలేజీ 2018లో మూతపడింది. దైవశాస్త్రంతోపాటు తత్వశాస్త్రాన్నీ బోధించిన నాలుగు వందల ఏళ్ల విద్యాలయం పోతే చప్పట్లు కొట్టడం ఏ రకం హేతువాదం?

ఈ సంబరాలకు మూలపురుషుడు బ్రిటిష్ జీవశాస్త్రవేత్త, నాస్తిక రచయిత రిచర్డ్ డాకిన్స్. 1990ల మొదట్లో సూసన్ హోవాచ్ అనే నవలా రచయిత్రి పది లక్షల పౌండ్లు విరాళమిచ్చి, కేంబ్రిడ్జిలో దైవశాస్త్రాన్నీ ప్రకృతి శాస్త్రాన్నీ కలిపి బోధించే ఒక లెక్చరర్ పదవి పెట్టించారు. సైన్సుకూ దైవశాస్త్రానికీ పొత్తు కుదరాలని ఒక దినపత్రిక సంపాదకీయం రాస్తే, డాకిన్స్ దాని మీద విరుచుకుపడుతూ 1993లో ఉత్తరం రాశారు. దైవశాస్త్రం ఏ నాడైనా ఎవరికైనా రవ్వంత పనికొచ్చిందా అన్నది ఆయన నిలదీత. అప్పటినుంచి అదే ప్రశ్న చేతులు మారుతూ తెలుగు వాదోపవాదాల దాకా వచ్చింది.

ఎవరికి ఏం పనికొస్తుంది? సరిగ్గా ఇదే ప్రశ్న ఇవాళ ప్లేస్‌మెంట్ ఆఫీసరూ అడుగుతున్నాడు. చరిత్రను అడుగుతున్నాడు, తెలుగును అడుగుతున్నాడు, ఫిలాసఫీని అడుగుతున్నాడు. 2023 జూలైలో బ్రిటన్ ప్రభుత్వం, మంచి ఉద్యోగాలు చూపించలేని కోర్సుల్లో చేరికలకు పరిమితి పెడతామని ప్రకటించింది. దేవుడి మీద కోపంతో అడిగిన ప్రశ్నకు బడ్జెట్ కత్తెర పట్టుకున్నవాళ్లు జవాబు చెబుతున్నారు. దైవశాస్త్రాన్ని గెంటేస్తే ఆ చోటు ఖాళీగా ఉండదనీ, ఏదో ఒక ఇతర శాస్త్రం తన హద్దు దాటి దాన్ని ఆక్రమిస్తుందనీ క్యాథలిక్ మతాచార్యుడు జాన్ హెన్రీ న్యూమన్ 1852లోనే డబ్లిన్ ఉపన్యాసాల్లో హెచ్చరించారు. ఆక్రమించుకునేది శాస్త్రం కూడా కాదని, జీతం ప్యాకేజీ అని ఆయన ఊహించి ఉండరు.

అసలు యూనివర్సిటీలో వాదించడం ఎవరు నేర్పారో చూడాలి. పదమూడో శతాబ్దపు పారిస్‌లో దైవశాస్త్రం చదవాలంటే ముందు తర్కం, వ్యాకరణం, అరిస్టాటిల్ పూర్తిచేయాలి. 1215 నాటి నిబంధనల ప్రకారం దైవశాస్త్రంలో ఆచార్యుడు కావాలంటే ముప్పై అయిదో ఏడు రావాలి. ఏడాదికి రెండుసార్లు, క్రిస్మస్‌కు ముందు ఆగమన కాలంలోనూ, ఈస్టరుకు ముందు తపస్సు కాలంలోనూ, బహిరంగ వాదం జరిగేది. ఎవరైనా రావచ్చు, దేని గురించైనా అడగవచ్చు. ముందే రాసిచ్చిన ప్రశ్నలు ఉండవు. అభ్యంతరాల వాన కురిసిన తర్వాత మరో రోజు ఆచార్యుడు లేచి, వాటన్నిటినీ వరసపెట్టి తేల్చాలి. ద్రాక్షసారా, రాజు, స్త్రీ, సత్యం - వీటిలో ఏది బలమైనదని ఎవరో అడిగితే అక్కడి దైవశాస్త్రాచార్యుడు థామస్ అక్వినాస్ దానికీ ఓపిగ్గా సమాధానం చెప్పారు. ఇవాళ మన వైస్ ఛాన్సలర్లలో ఎంతమంది ఏడాదికి రెండుసార్లు విద్యార్థుల ముందు అలా నిలబడగలరు?

అలాంటి ఒక వాదంలోనే అక్వినాస్‌కు మరో ప్రశ్న ఎదురైంది: గురువు శాస్త్ర ప్రమాణం చూపించి తీర్పు చెప్పాలా, కారణం చూపించి చెప్పాలా? కేవలం ప్రమాణాలు చదివి ఊరుకుంటే విషయం అలాగే ఉందన్న నమ్మకం శిష్యుడికి కుదురుతుంది గానీ, ఎందుకలా ఉందో తెలియక వట్టి చేతులతో వెళ్లిపోతాడని ఆయన తేల్చారు. మూఢనమ్మకానికి మారుపేరుగా ఎగతాళి చేసే మనిషి చెప్పిన మాట ఇది.

ఆయన 'సుమ్మా థియలోజియే' తెరిచి మొదటి భాగం, రెండో ప్రశ్న, మూడో అంశం చూడండి. దేవుడున్నాడా అన్నది అక్కడి విచారణ. పేజీ మొదలవడమే దేవుడు లేడనే వాదంతో. అనంతమైన మంచితనం నిజంగా ఉంటే లోకంలో చెడుకు చోటే ఉండకూడదు, కానీ చెడు కనిపిస్తోంది - ఇది మొదటి అభ్యంతరం. లోకంలో జరిగేదంతా ప్రకృతితోనూ మనిషి సంకల్పంతోనూ వివరించవచ్చు, దేవుడి అవసరం లేదు - ఇది రెండోది. ఇవాళ్టి నాస్తిక ప్రచారానికి కావలసిన రెండు ప్రధాన వాదాలూ ఒక సన్యాసి కలం నుంచి, వెటకారం లేకుండా, శుభ్రంగా వచ్చాయి. ఆ తర్వాతే ఆయన తన అయిదు మార్గాలు చెప్పి, ఆ రెండు అభ్యంతరాలకూ జవాబిస్తారు. ఆ జవాబులు ఒప్పుకోకపోతే ఒప్పుకోవద్దు. ప్రత్యర్థి మాటను ముందు నిలబెట్టే ఆ పద్ధతి ఏ టీవీ చర్చలో మిగిలింది?

దైవశాస్త్రానికి చోటిస్తే జాతకాలకూ ఇవ్వాలి కదా అంటారు. జాతకాలకు ఎప్పుడో ఇచ్చేశారు! 2001లో యూజీసీ జ్యోతిషాన్ని కోర్సుగా ప్రవేశపెడితే, హైదరాబాద్ శాస్త్రవేత్త పి.ఎం. భార్గవ కోర్టుకెక్కారు. 2004లో సుప్రీంకోర్టులోనూ ఓడిపోయారు. ఆ పోరాటంలో న్యాయం భార్గవ వైపే ఉంది. కానీ తన మీద వచ్చే అభ్యంతరాన్ని తన పాఠ్యగ్రంథంలోనే మొదటి వరసలో పెట్టిన జ్యోతిష గ్రంథం ఒక్కటి చూపించి, అప్పుడు రెండిటినీ ఒకే గాటన కట్టండి.

ఇక గెలీలియో. ఈ చర్చలో ఆయన పేరు రాకుండా ఉండదు. 1633 తీర్పు చర్చి చేసిన ఘోరమైన తప్పు. 1277లో పారిస్ బిషప్ 219 ప్రతిపాదనలను నిషేధించడమూ తప్పే. అయితే టెలిస్కోపులోంచి చూడనని మొండికేసిన చెసారె క్రెమోనీని పాదువా యూనివర్సిటీలో తత్వశాస్త్రాచార్యుడు. 1611లో గెలీలియో చూసినవి నిజమేనని ఒప్పుకున్నది రోమ్‌లోని జెసూట్ కాలేజీ ఖగోళ శాస్త్రజ్ఞులు.

జార్జ్ లెమేత్ర్ సంగతి ఎవరూ ఎత్తరు. ఆయన క్యాథలిక్ గురువు, బెల్జియంలోని లూవెన్ యూనివర్సిటీ ఆచార్యుడు. విశ్వం విస్తరిస్తోందని 1927లోనే లెక్కగట్టిన మనిషి. 1931లో విశ్వానికంతటికీ మూలమైన ఆదిమ అణువును ప్రతిపాదించారు. 1951లో పోప్ పన్నెండో పయస్ ఆ విజ్ఞానం సృష్టిని బలపరుస్తోందన్నట్టు ప్రసంగిస్తే, లెమేత్ర్ సంతోషించలేదు, ఇబ్బంది పడ్డారు. తన సిద్ధాంతానికి మతంతో పనిలేదన్నారు. పోప్ మాటకే హద్దు గీసే ధైర్యం ఆయనకు భౌతికశాస్త్రం ఒక్కటే ఇవ్వలేదు. ఏది దేనికి రుజువు, ఏది కాదు అని విడదీసే అలవాటు ఆయనకు సెమినరీ చదువులోనూ అబ్బింది.

విశ్వాసుల తప్పూ తక్కువేం కాదు. తెలుగు నాట క్రైస్తవ సంఘాల్లో "చదువు ఎక్కువైతే విశ్వాసం సన్నగిల్లుతుంది" అనే బోధ గట్టిగానే సాగుతోంది. హీబ్రూ, గ్రీకు నేర్చి బి.డి. పట్టా పుచ్చుకున్న పాస్టరు కన్నా మైకు దద్దరిల్లేలా అరిచే బోధకుడికే జనం. బెంగాల్లో అప్పటి డేనిష్ స్థావరమైన సిరాంపూర్‌లోని కాలేజీకి డెన్మార్క్ రాజు 1827లో పట్టాలిచ్చే అధికారమిచ్చాడు. ఆ సంప్రదాయంలో నడిచే క్రైస్తవ వేదాంత కళాశాలలు ఇవాళ తమలో తాము చదువుకుంటూ ఉండిపోయాయి. పక్కనే ఉన్న యూనివర్సిటీ వాళ్లను పిలవదు, వాళ్లూ వెళ్లరు. దేవుణ్ణి ప్రశ్నించవద్దనే బోధకుడూ, దేవుడి గురించి ప్రశ్నే అక్కర్లేదనే హేతువాదీ కలిసి ఒకే తలుపు మూస్తున్నారు.

అడ్మిషన్ల కాలంలో ఏ ఊరి కూడలిలోనైనా ఆగితే ఆ తలుపు వెనక ఏం చేరిందో కనబడుతుంది. ఫ్లెక్సీ మీద కుర్రాడి ఫోటో, ఫోటో కింద కంపెనీ లోగో, లోగో పక్కన లక్షల్లో అంకె. అతను ఏం చదివాడో ఉండదు, ఏం ఆలోచించగలడో అసలే ఉండదు. ఇంటర్మీడియెట్ నుంచి బిట్లు బట్టీపట్టిన పిల్లవాడు నాలుగేళ్ల బీటెక్‌లో ఒక్కసారి కూడా "చావు తర్వాత ఏమిటి, న్యాయం ఎందుకు పాటించాలి, బాధకు అర్థం ఉందా" అన్న ప్రశ్నలను తరగతి గదిలో వినడు. ఆ ప్రశ్నలు అతన్ని వదలవు. జవాబు కోసం వాట్సాప్‌కు పోతాడు, బాబాల దగ్గరకు పోతాడు. హేతువును కాపాడటానికి దైవశాస్త్రాన్ని వెళ్లగొట్టామని చెప్పుకునేవాళ్లు ఈ పంటను చూసి సిగ్గుపడాలి.

సర్వేపల్లి రాధాకృష్ణన్ మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చదివారు. హిందూ మతం మీద మిషనరీల విమర్శ ఆయన్ను గాయపరిచింది. ఆ గాయమే ఆయన చేత వేదాంత నీతి మీద 1908లో ఎం.ఏ. సిద్ధాంత వ్యాసం రాయించింది. దాన్ని మెచ్చుకుంది స్కాటిష్ మిషనరీ ఆచార్యుడు ఎ.జి. హాగ్. కాలేజీలో మతం ఊసే లేకపోతే ఆ రాధాకృష్ణన్ ఎక్కడివారు? ఆంధ్రా యూనివర్సిటీ వైస్ ఛాన్సలరుగా పనిచేసిన ఆయనే 1948-49 యూనివర్సిటీ విద్యా కమిషన్‌కు అధ్యక్షులై, డిగ్రీ మొదటి ఏడు మహనీయుల జీవితాలు, రెండో ఏడు మతగ్రంథాల భాగాలు, మూడో ఏడు మత తత్వశాస్త్ర సమస్యలు చదివించాలని సిఫారసు చేశారు. సిఫారసు సిఫారసుగానే మిగిలింది. రాజ్యాంగం 28వ అధికరణ అడ్డమంటారు. అది ఆపేది మతబోధను. మతాల అధ్యయనాన్ని కాదని 2002లో అరుణా రాయ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

కాబట్టి ఆంధ్రా, ఉస్మానియా యూనివర్సిటీల్లో ఎవరైనా తీసుకోగల ఒక పేపరు పెట్టాలి. అందులో అక్వినాస్ ఉండాలి, శంకరుడు, నాగార్జునుడు, అల్ గజాలీ ఉండాలి. నాస్తికుడైనందుకు 1933లో కాకినాడ పి.ఆర్. కాలేజీ ఉద్యోగంలోంచి తీసేసిన గోరా తప్పకుండా ఉండాలి. పరీక్షలో, గోరా అభ్యంతరాన్ని ఆయనే ఒప్పుకునేలా రాసిన విద్యార్థికే జవాబు రాసే అర్హత ఇవ్వాలి. మిగతా సిలబస్ ఆచార్యులు కూర్చుని తేల్చుకుంటారు. ముందు ఫిలాసఫీ శాఖల్లో ఖాళీగా ఉన్న పోస్టులు భర్తీ చేయండి.