అమానతుకు పత్రమే రక్ష

1948 సెప్టెంబరు 17న హైదరాబాద్ సంస్థానం లొంగిపోయింది. మూడు రోజుల తరువాత, లండన్‌లోని వెస్ట్‌మినిస్టర్ బ్యాంకులో ఉన్న సంస్థాన ప్రభుత్వ ఖాతా నుండి 10,07,940 పౌండ్లు పాకిస్తాన్ హైకమిషనర్ రహీంతూలా పేరిట ఉన్న ఖాతాకు బదిలీ అయ్యాయి. ఇది తన అనుమతి లేకుండా జరిగిందని, సొమ్ము తిరిగి ఇవ్వాలని నిజాం కొద్ది రోజులకే కోరారు. ఖాతాదారు అంగీకారం లేనిదే ఇవ్వలేమని బ్యాంకు బదులిచ్చింది. సార్వభౌమ రాజ్యంపై దావా చెల్లదన్న కారణంతో 1957లో బ్రిటన్ ప్రభువుల సభలోనూ నిజాంకు చుక్కెదురైంది. 1967లో ఆయన కన్నుమూశారు.

2013లో పాకిస్తానే దావా వేయడంతో విచారణకు మార్గం తెరుచుకుంది. ఆ సొమ్ము నిజాం కోసం ట్రస్టుగా ఉన్నదేనని, ఆయన ద్వారా హక్కు పొందిన భారత ప్రభుత్వానికి, ఇద్దరు మనుమలకు చెందుతుందని 2019 అక్టోబరు 2న లండన్ హైకోర్టు తీర్పు చెప్పింది. అప్పటికి అది సుమారు మూడున్నర కోట్ల పౌండ్లకు పెరిగింది. సొమ్ము ఎవరి కోసమన్నది స్పష్టంగా వ్రాసిన పత్రం లేనందున తేలడానికి 71 ఏళ్లు పట్టింది.

ఇది నవాబుల గొడవ మాత్రమే కాదు. నర్సీపట్నం వంటి పట్టణాల నుండి గల్ఫ్‌కు వెళ్లిన మన బిడ్డలు చెమటోడ్చి పంపిన సొమ్ముతో అన్న పేరిటనో, బావ పేరిటనో స్థలాలు కొంటున్నారు. నమ్మకం మంచిదే. కానీ నమ్మినవారు కన్నుమూసిన నాడు వారి వారసులకు ఆ మాట తెలియకపోవచ్చు. అప్పు లావాదేవీలను సాక్షుల ఎదుట వ్రాయించుకోమని దివ్య ఖురాన్ అల్ బఖరా సూరాలో ఆదేశించింది. అమానతు విషయంలోనూ మనకు అదే దారి.

కుటుంబం కోసం ప్రైవేటు ట్రస్టు ఏర్పరచుకోవడానికి 1882 నాటి భారత ట్రస్టుల చట్టం అవకాశమిస్తోంది. స్థిరాస్తి అయితే రిజిస్టరు చేసిన దస్తావేజు గానీ, వీలునామా గానీ ఉండాలి. అప్పులవారిని మోసగించడానికో, చట్టాన్ని తప్పించుకోవడానికో పెట్టిన ట్రస్టు చెల్లదు. వక్ఫ్‌కు ఈ చట్టం వర్తించదు. రెండింటినీ కలగాపులగం చేయరాదు.

సరిహద్దు దాటితే నియమాలు పెరుగుతాయి. ఇక్కడ నివసించేవారు ఏడాదికి రెండున్నర లక్షల డాలర్ల వరకే విదేశాలకు పంపవచ్చు. విదేశీ ట్రస్టులో ధర్మకర్తగానో, లబ్ధిదారుగానో ఉన్నవారు ఆదాయపు పన్ను రిటర్నులో ఆ సంగతి చూపాలి. దాచితే 2015 నాటి నల్లధనం చట్టం కింద పది లక్షల రూపాయల జరిమానా పడవచ్చు. మదరసాకో, పాఠశాలకో విదేశీ పౌరులిచ్చే విరాళానికి ఎఫ్‌సీఆర్‌ఏ అనుమతి తప్పనిసరి. భారత పాస్‌పోర్టు కలిగిన ప్రవాసి సొంత పొదుపు నుండి బ్యాంకు ద్వారా పంపే విరాళం మాత్రం విదేశీ విరాళం కాదు. ఈ తేడా తెలియక వెనుకాడేవారూ ఉన్నారు, చిక్కుల్లో పడేవారూ ఉన్నారు.

కనుక మస్జిద్ కమిటీలు, మన వకీళ్లు, లెక్కలు తెలిసిన విశ్రాంత ఉద్యోగులు పూనుకుని, సెలవులకు వచ్చే ప్రవాసులకు పత్రాలు వ్రాయించడంలో సాయపడాలి. ఒక్క దస్తావేజుకయ్యే ఖర్చు, ఒక తరం పాటు నడిచే వ్యాజ్యం ముందు ఏపాటిది?