రష్‌ని పోలీసులు చెడగొట్టారా?

మా టీమ్‌లో ఒక సీనియర్ ఉన్నారు. 2011లో బెంగుళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో మెటాలికా వాయించినప్పుడు ఆయన అక్కడున్నారట. ఆ ఒక్క అర్హతతో రాక్ సంగీతం మీద మా అందరికీ తీర్పులు చెప్తుంటారు. మొన్న లంచ్‌లో ఇచ్చిన తీర్పు: "రష్ కథ 1978తోనే అయిపోయింది తమ్ముడూ. తర్వాత ఆ పోలీస్ కుర్రాళ్ళని చూసి వాతలు పెట్టుకున్నారు."

పులిని చూసి నక్క వాతలు పెట్టుకోవడం మనకి తెలుసు. ఇక్కడ నక్కని చూసి పులి పెట్టుకుందని ఆయన బాధ :)

అక్కడ నోరు మూసుకున్నా గానీ, ఒళ్ళు మండి ఈ టపా రాస్తున్నా.

ముందు చిన్న సవరణ. పోలీస్ కొత్త బ్యాండే గానీ అందరూ కుర్రాళ్ళేం కాదు. గిటారిస్టు ఆండీ సమ్మర్స్ 1942లో పుట్టాడు, రష్ వాళ్ళకంటే దాదాపు పదేళ్ళు పెద్ద.

ఇక అసలు విషయం. రష్ కెనడా బ్యాండు, ముగ్గురే మనుషులు. 1976లో '2112' పేరుతో ఇరవై నిమిషాలు దాటిన పాట చేశారు, ఎల్పీలో ఒక వైపంతా అదే. 1978 నాటి 'హెమిస్ఫియర్స్'లో మొత్తం నాలుగే ట్రాకులు. ఆ దారిలో ఇంక ఎంత దూరం పోతారు? నలభై నిమిషాల పాట చేస్తారా?

సరిగ్గా అప్పుడే లండన్ నుంచి ఇంకో ముగ్గురు వచ్చారు. పోలీస్ మొదటి ఆల్బమ్ 1978లో, రెండోది 1979లో. రాక్‌లో జమైకా రెగ్గే కలిపారు. గిటార్ ఊరికే మోగుతూ ఉండదు, దెబ్బకీ దెబ్బకీ మధ్య ఖాళీ ఉంటుంది. రష్ వాళ్ళు అది విన్నారు, నచ్చింది, నచ్చిందని బాహాటంగానే చెప్పారు. 1980లో వచ్చిన 'ది స్పిరిట్ ఆఫ్ రేడియో' వినండి. ఐదు నిమిషాల్లోపు పాట, చివర్లో ఉన్నట్టుండి రెగ్గేలోకి దూకుతుంది. 1981లో 'వైటల్ సైన్స్'కొచ్చేసరికి ఆ లయ పాటంతా పాకింది.

మరి రష్ తన సొంత విద్య వదిలేసిందా? అదే 1981 ఆల్బమ్ 'మూవింగ్ పిక్చర్స్'లో 'వై వై జెడ్' ఉంది. టొరంటో విమానాశ్రయం కోడ్‌ని మోర్స్‌లో కొడితే ఎలా ఉంటుందో దాన్నే తాళంగా పెట్టుకుని మొదలయ్యే ట్రాక్ అది. ఏ పోలీసు నేర్పాడండీ అది? రష్ ఆల్బమ్‌లన్నిట్లో ఎక్కువ అమ్ముడైంది కూడా అదే. కొత్తది వచ్చి పక్కన చేరింది, పాతదేం పోలేదు.

నిజమే, అందరికీ నచ్చలేదు. సింథసైజర్లు పెరిగే కొద్దీ నిర్మాత టెర్రీ బ్రౌన్‌కి పొసగలేదు. 1982 నాటి 'సిగ్నల్స్' తర్వాత ఆయన దారి ఆయనదయింది. ఆ వాదన నాకర్థమవుతుంది. కానీ అది ఇష్టాయిష్టాల సంగతి, దాన్ని దొంగతనం అంటేనే నాకు కోపం.

నిజంగా వాతలు పెట్టుకోవడం చూడాలంటే మా సీనియర్‌గారు దేవుడిలా కొలిచే మెటాలికా దగ్గరికే వెళ్ళాలి. 2003లో 'సెయింట్ యాంగర్' తెచ్చారు. అప్పటికి ను-మెటల్ జోరు మీదుంది, గిటార్ సోలోలు పాతబడ్డాయని గాలి వీస్తోంది. వీళ్ళ ఆల్బమ్‌లో ఒక్క సోలో లేదు! కర్క్ హామెట్ లాంటి గిటారిస్టుని పెట్టుకుని! సోలోలు తీసేస్తేనే ఆల్బమ్‌కి ఈ కాలపు ముద్ర పడిపోతుందని ఆయన మొత్తుకోవడం 'సమ్ కైండ్ ఆఫ్ మాన్‌స్టర్' డాక్యుమెంటరీలో ఉంది. ఎవరూ వినలేదు. ఆల్బమ్ అమ్ముడైంది, టైటిల్ పాటకి గ్రామీ కూడా వచ్చింది. కానీ 2008లో 'డెత్ మాగ్నెటిక్'కొచ్చేసరికి సోలోలు బుద్ధిగా వెనక్కొచ్చాయి.

రష్ కొత్తవాళ్ళ దగ్గర ఉన్నదాన్ని తెచ్చుకుంది. మెటాలికా కొత్తవాళ్ళ దగ్గర లేనిదాన్ని తనూ పారేసుకుంది. మొదటిది నేర్చుకోవడం, రెండోది భయం. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టి "కాపీ" అనేస్తే ఎలా?

ఇంత ఆవేశం ఎందుకంటే, తప్పు నేనూ చేశాను. పోయిన నెల ఒక ఫ్రెషర్ అమ్మాయి నా డిప్లాయ్‌మెంట్ స్క్రిప్ట్ చూసి "మధ్యలో ఫెయిలైతే వెనక్కెళ్ళే దారి లేదండీ" అంది. "నాలుగేళ్ళుగా నడుస్తోంది, ముట్టుకోకు" అన్నాను. ఆ శుక్రవారం రాత్రే అది సగంలో ఆగింది. తెల్లారేదాకా కూర్చుని చేత్తో సరిచేశాను. ఆమె ఏమీ అనలేదు, అదింకా సిగ్గు.

అప్పటికి ఆరు ఆల్బమ్‌లు చేసినవాళ్ళు రెండు ఆల్బమ్‌ల బ్యాండ్‌ని కూర్చుని విన్నారు. ఆరేళ్ళ ఎక్స్‌పీరియన్స్‌కే నాకు చెవులు మూసుకుపోయాయి.

నమ్మకపోతే ఈ రాత్రికి 'హెమిస్ఫియర్స్', దాని వెంటనే 1980 నాటి 'పర్మనెంట్ వేవ్స్' వినండి. రేపు వాదించుకుందాం, నేను రెడీ.