తడిసిన పెల్లెట్‌ను పెల్లెట్ పేరుతో అమ్మరాదు

వానాకాలంలో గోడౌన్ తలుపు తీసిన వర్తకునికి ధాన్యమైతే వాసన చెబుతుంది, మిర్చి అయితే రంగు చెబుతుంది. కలప పెల్లెట్లు మాత్రం బస్తా విప్పే వరకు ఏమీ చెప్పవు. పైకి చూస్తే బస్తా బిగువుగానే వుంటుంది. నిజానికి వుండవలసిన దానికంటె కొంచెం ఎక్కువ బిగువుగా వుంటుంది. లోపలి గుళికలు తేమ పీల్చి వుబ్బడమే అందుకు కారణం. అటువంటి బస్తాను ఏం చేయాలన్న దానిపై ధాన్యానికి, పత్తికి వున్నంత గట్టి కట్టుబాటు ఈ కొత్త సరుకుకు ఇంకా స్థిరపడలేదు. స్థిరపడని చోట జరిగేది ఒక్కటే: తడి బస్తా పొడి బస్తాల మధ్య దూరి లోడు ఎక్కుతుంది.

రంపపు మిల్లుల పొట్టు, సరుగుడు, సుబాబుల్ ముక్కలు, వేరుశనగ పొట్టు, పత్తి కట్టె వంటివి ఎండబెట్టి, పొడి చేసి, యంత్రంలో వత్తి ఈ గుళికలను తీస్తారు. బొగ్గుతోపాటు వీటిని కూడా కలిపి మండించాలని థర్మల్ కేంద్రాలకు కేంద్ర విద్యుత్ మంత్రిత్వశాఖ 2021 అక్టోబరులో విధానం ప్రకటించిన తరువాత ఈ సరుకుపై వర్తకుల దృష్టి మళ్ళింది. బాయిలర్లకు, హోటళ్ళ పొయ్యిలకు కూడా ఇది వెళుతున్నది. గిరాకీ వుంటే వ్యాపారం వస్తుంది. అయితే వ్యాపారంతోపాటు తేమ పేచీ కూడా వస్తుందని గుర్తించాలి.

ఇంటి పొయ్యి నేర్పిన పాఠం

ఈ సరుకు నాణ్యతకు కచ్చితమైన హద్దులు మొదట ఏర్పడింది చలిదేశాల ఇళ్ళ కోసం. ఇటలీ, జర్మనీ, ఆస్ట్రియా, ఫ్రాన్సులలో లక్షలాది కుటుంబాలు చలికాలంలో పెల్లెట్ స్టవ్‌తో గదులు వెచ్చచేసుకుంటాయి. 15 కిలోల ప్లాస్టిక్ సంచి విప్పి పొయ్యి తొట్టిలో పోస్తే, అడుగున తిరిగే స్క్రూ ఒక్కొక్క గుప్పెడు గుళికలను మంటలోకి నెడుతుంది. మనిషి చేయి పెట్టే పని లేదు. కనుకనే సరుకు తేడా వస్తే ముందుగా కనిపెట్టేది యంత్రమే. వుబ్బిన గుళిక స్క్రూలో ఇరుక్కుంటుంది. విరిగిన గుళికల పొడి అడుగున గట్టిపడుతుంది. మంట మందగించి పొగ, మసి పెరుగుతాయి. గడ్డకట్టే చలి రాత్రి పొయ్యి ఆగిపోతుంది.

అందుకే ఐఎస్ఓ 17225-2 ప్రమాణం ఇళ్ళలో వాడే ఏ-1 రకానికి గట్టి షరతులు పెట్టింది. తేమ 10 శాతం మించరాదు. పొడి 1 శాతం మించరాదు. ఘనపు మీటరు సరుకు 600 కిలోలకు తగ్గరాదు. ఈ షరతులు యూరప్ వాసుల నాజూకుతనం వల్ల వచ్చినవి కావు. పెల్లెట్ విలువ అంతా దాని ఆకారంలో, పొడితనంలో వున్నదన్న అనుభవం నుంచి వచ్చినవి. రష్యా కలపపై యూరోపియన్ యూనియన్ 2022 ఏప్రిల్‌లో నిషేధం పెట్టిన సంవత్సరంలో జర్మనీలో టన్ను ధర 700 యూరోలు దాటింది. 2021 మొదటి నెలలలో అది 250 యూరోల లోపే వుండేది. అంత ధర పెట్టి ముందుగానే నిల్వ చేసుకున్న సంచి చెమ్మ సెల్లారులో చీలికపడితే, చేతికి మిగిలేది కాసిని రూపాయల పొట్టే.

ఎండబెడితే బాగుపడదు

తడిసిన ధాన్యాన్ని కళ్ళంలో ఆరబోస్తే 17 శాతం తేమ హద్దులోకి వచ్చి కొనుగోలు కేంద్రంలో కాటా ఎక్కుతుంది. పత్తిని కూడా ఆరబెట్టి తీసుకురమ్మంటారు. ఈ అలవాటుతోనే తడిసిన పెల్లెట్లను కూడా ఎండలో పోసి మళ్ళీ బస్తాలకు ఎత్తితే సరిపోతుందని కొందరు భావిస్తుంటారు. ఇది పొరపాటు. వడ్లగింజకు ప్రకృతి ఇచ్చిన పొర వున్నది. పెల్లెట్‌కు లేదు. యంత్రపు వత్తిడికి, వేడికి కలపలోని లిగ్నిన్ మెత్తబడి, చల్లారిన తరువాత జిగురులా పొట్టును పట్టి వుంచుతుంది. నీరు తగిలితే పొట్టు వుబ్బి ఆ పట్టు వదులుతుంది. ఎండబెడితే నీరు పోతుంది గాని పగులు పోదు. ఎండిన తరువాత అదే గుళిక లారీ కుదుపులకు పొడి అవుతుంది.

పరీక్షకు పెద్ద సరంజామా అక్కరలేదు. మంచి గుళిక నున్నగా మెరుస్తూ, విరిస్తే టక్కున విరుగుతుంది. గ్లాసు నీళ్ళలో వేస్తే మునుగుతుంది. తేమ పీల్చినది మెరుపు తగ్గి, అడ్డపగుళ్ళు పడి, వేళ్ళ మధ్య మెత్తగా నలుగుతుంది. పేచీ వచ్చినపుడు మాత్రం కంటి అంచనా చాలదు. మచ్చును 105 డిగ్రీల ఓవెన్‌లో బరువు నిలకడపడే దాకా ఎండబెట్టి తూచడమే తిరుగులేని లెక్క.

నీటికి కట్టే ధర

అసలు చిక్కు ఇక్కడే వున్నది. తడిసిన సరుకు నాణ్యత తగ్గుతుంది, తూకం పెరుగుతుంది. 8 శాతం తేమగల 10 టన్నుల లోడులో ఎండు కలప 9.2 టన్నులు. అదే లోడు 15 శాతం తేమకు చేరితే కాటా మీద సుమారు 10 టన్నుల 820 కిలోలు చూపుతుంది. కలప ఒక్క కిలో కూడా పెరగలేదు. లెక్క సౌలభ్యం కోసం టన్ను 10,000 రూపాయలనుకుంటే, కొన్నవాడు 8,200 రూపాయలు నీటికి కట్టినట్లు. ఆ నీరు మంటలో వూరకే వుండదు. కిలో నీటిని ఆవిరి చేయడానికి దాదాపు 580 కిలో కేలరీల వేడి ఖర్చవుతుంది. అంటే కొనుగోలుదారు నీటిని డబ్బు పెట్టి కొని, మళ్ళీ ఇంధనం పెట్టి ఆవిరి చేస్తున్నాడు.

కాబట్టి తేమకు తగినట్లు ధర కోయడం దయాధర్మం కాదు, కూడికలు తీసివేతల సంగతి. పై వుదాహరణలో 15 శాతం తేమ సరుకు న్యాయమైన ధర టన్నుకు సుమారు 9,240 రూపాయలు. ఆవిరి ఖర్చు, పొడి తరుగు అందులోంచి ఇంకా తీసివేయాలి.

పది మంచి బస్తాలలో ఒక తడి బస్తా కలిపితే ఎవరికి నష్టమన్న వాదం బజారులో వున్నదే. మార్జిన్లు తక్కువ, కిరాయి ఎక్కువ, వాన ఎవరి చేతిలోనూ లేదన్నది ఆ వాదం సారాంశం. అందులో వాన మాట నిజమే. కాని తేమ వున్నచోట వుండదు, పక్క సరుకులోకి పాకుతుంది. లోడు నుంచి మచ్చు తీసేవాడి చేతికి ఏ బస్తా తగులుతుందో అమ్మేవాడు ఎంచలేడు. ఒక్క బస్తా కారణంగా లారీ మొత్తం గేటు దగ్గర తిరస్కారానికి గురైతే రానుపోను కిరాయి, హమాలీ కూలి, నిలుపుదల చార్జీ అన్నీ వర్తకుని ఖాతాలోనే పడతాయి. ఆ తరువాతి లోడును కొనుగోలుదారు అనుమానంతోనే చూస్తాడు.

మూడు కుప్పలు

గోడౌన్‌లో నీరు దిగిన రోజునే సరుకును మూడు కుప్పలుగా విడదీయడం వివేకం. చెమ్మ తగలనిది మొదటి కుప్ప. దీనిని జల్లెడ పట్టి, తేమ మళ్ళీ పరీక్షించి, వెంటనే పంపించాలి. తేమ పీల్చినా ఆకారం నిలిచినది రెండవ కుప్ప. ఇది ఇంటి స్టవ్‌కు, హోటలు పొయ్యికి పనికిరాదు. తడి ఇంధనాన్ని తట్టుకునే పెద్ద బాయిలరుకు, బిల్లుమీద తేమ శాతం రాసి, వేడి లెక్కన అమ్ముకోవచ్చును. పొట్టుగా విచ్చుకుపోయినది మూడవ కుప్ప. మట్టి, బూజు లేకపోతే మిల్లుకు తిప్పి పంపి ఎండబెట్టి మళ్ళీ వత్తించవచ్చును. లేనిచో ఎరువు గుంటకు పోవాలి.

విచ్చుకోవడం దానంతట అది తప్పు కాదు. అమెరికా, యూరప్‌లలో గుర్రపుశాలల్లో పరిచేందుకు అమ్మే కలప పెల్లెట్లపై నీళ్ళు చల్లి, కావాలనే పొట్టుగా విచ్చుకోనిస్తారు. అక్కడ సరుకు పేరు, వాడుక ముందే చెప్పి అమ్ముతారు. అదే తేడా. అయితే బూజుపట్టిన పొట్టును కోళ్ళ షెడ్లకు పరుపుగా తోసేయడం మాత్రం తగదు. ఆ బూజు కోడిపిల్లల వూపిరితిత్తులకు ముప్పు.

నిల్వలో ఇంకొక ప్రమాదం వున్నది. మూసిన చోట పెల్లెట్లు విషవాయువైన కార్బన్ మోనాక్సైడ్‌ను విడుదల చేస్తాయి. 2006లో స్వీడన్‌లోని హెల్సింగ్‌బోర్గ్ రేవులో పెల్లెట్ల ఓడలోకి దిగిన నావికుడు ఈ కారణంగానే మరణించాడు. తడి కుప్పలు లోలోపల వేడెక్కుతాయి కూడా. మూసివుంచిన గోడౌన్ తలుపులు తెరచి, గాలి ఆడిన తరువాతే హమాలీలను లోపలకు పంపడం యజమాని బాధ్యత.

కాగితం మీద రాసుకోవాలి

పత్తి వ్యాపారులకు ఒక నమూనా ఎదురుగానే వున్నది. కాటన్ కార్పొరేషన్ 8 శాతం తేమకు పూర్తి మద్దతు ధర ఇస్తుంది. 12 శాతం వరకు పెరిగిన తేమకు తగినట్లు కోత వేస్తుంది. ఆపైన తీసుకోదు. హద్దు ఎక్కడన్నది రైతుకూ తెలుసు, కొనేవారికీ తెలుసు. పెల్లెట్ల ఒప్పందంలో కూడా ఈ మూడు మెట్లు వుండాలి: ఏ శాతానికి పూర్తి ధర, ఏ శాతం దాకా ఎంత కోత, ఎక్కడ తిరస్కారం. లోడింగ్ వద్ద ఒకసారి, దించేచోట ఒకసారి ఇరుపక్షాల సమక్షంలో మచ్చు తీసి, గాలి చొరని సంచిలో సీలు వేయాలి. అప్పుడు తేమ ఎక్కడ చేరిందో మచ్చులే చెబుతాయి.

1930 నాటి సరుకుల విక్రయ చట్టం ప్రకారం మచ్చు చూపి అమ్మిన సరుకు నాణ్యతలో మచ్చుకు సరిపోవాలి. వేరే ఒప్పందం లేనపుడు సరుకుపై హక్కు ఎవరిదైతే నష్టభయం కూడా వారిదే. కనుక హక్కు లోడింగ్ వద్ద మారుతుందా, గేటు వద్ద మారుతుందా అన్నది ముందే రాసుకోవాలి. బీమా వున్నది కదా అని ధీమాపడే ముందు పాలసీ చదువుకోవడం మంచిది. లారీ రవాణా బీమాలో 'బి' క్లాజు అగ్ని, పిడుగు, వాహన ప్రమాదం వంటి వాటికే పరిమితం. వాన నీటి నష్టం అందులోకి రాదు.

నేలకు అడుగు ఎత్తున చెక్కబల్లలు, గోడకు జానెడు ఎడం, చిల్లులేని టార్పాలిన్, ముందు వచ్చిన సరుకు ముందు పోయే పద్ధతి: వీటి ఖర్చు తిరిగివచ్చిన ఒక్క లారీ కిరాయికి మించదు. ఇంత చేసినా కొన్ని బస్తాలు తడుస్తాయి. వాటి నష్టాన్ని ఆ రోజే ఖాతాలో రాసుకున్న వర్తకుడు కొన్ని బస్తాలే పోగొట్టుకుంటాడు. దానిని మంచి లోడులో దాచినవాడు ఖాతాదారునే పోగొట్టుకుంటాడు.