ప్లగ్గు పీకి పెట్టడం పరిష్కారం కాదు బాబూ

టీవీకి సౌండ్‌బార్ తగిలించుకున్న ప్రతి ఇంట్లోనూ ఏదో ఒక రోజు ఈ మంత్రం వినబడుతుంది: "రెండిటి ప్లగ్గులూ పీకెయ్యండి సార్, రెండు నిమిషాలాగి మళ్ళీ పెట్టండి." కస్టమర్ కేర్ అమ్మాయి అదే చెప్తుంది, షాపువాడు అదే చెప్తాడు, మాన్యువల్ ఆఖరి పేజీలోనూ అదే ఉంటుంది. చాలాసార్లు పనిచేస్తుంది కూడా. నా గొడవంతా దాంతోనే. పనిచేస్తోంది కాబట్టి, అసలెందుకు ఆగిపోయిందని అడిగే నాథుడు లేకుండా పోయాడు.

నేను ప్రోగ్రాములు రాసుకుని బతికేవాణ్ణి. మా ఆఫీసులో ఎవడైనా "సర్వర్ ఆగితే రీస్టార్ట్ చెయ్యండి, అంతే" అని రాసి టికెట్ మూసేశాడనుకోండి, మర్నాడు పొద్దున్న మీటింగులో వాడికి తలంటు ఖాయం. కారణమేంటి, లాగ్ ఏది, మళ్ళీ రాకుండా ఏం చేశావ్ అని అడుగుతారు. నలభై వేలు పోసి కొన్న టీవీకీ, పదిహేను వేల సౌండ్‌బార్‌కీ ఆపాటి విచారణ కూడా లేదు. సౌండు ఆగిపోతుంది. తెర మీద బొమ్మ ఆడుతూనే ఉంటుంది, మాట రాదు. ఎందుకు రావట్లేదో ఒక్క ముక్క ఎక్కడా కనబడదు.

సరే, అసలు ఆ తీగలో ఏం జరుగుతుందో చూద్దాం. హెచ్‌డీఎమ్‌ఐ మొదటి ప్రమాణం 2002లో వచ్చింది. అప్పట్లో బొమ్మా, మాటా రెండూ ఒకే దిక్కుకి పోయేవి, బాక్సు నుంచి టీవీకి. తర్వాత టీవీలోనే సినిమాలు చూపించే రోజులొచ్చాయి. అప్పుడు సౌండు టీవీ నుంచి వెనక్కి స్పీకర్లకి పోవాలి కదా. దానికోసం 2009లో 1.4 వెర్షన్లో ఆడియో రిటర్న్ ఛానెల్ అని ఒకటి పెట్టారు. అదే మనం టీవీ వెనక చూసే ఏఆర్‌సీ. ఆలోచన బంగారం లాంటిది, వచ్చిన చిక్కల్లా ఆ ఛానెల్ దానంతటది తెరుచుకోకపోవడమే. ముందు టీవీ, సౌండ్‌బార్ మాట్లాడుకుని ఒప్పందానికి రావాలి. ఆ మాటలు నడిచేది సీఈసీ అనే ఇంకో దారిలో, అదే తీగలో పదమూడో పిన్ను మీద. ఒక్కో బిట్టుకి 2.4 మిల్లీసెకన్లు. అంటే సెకనుకి నాలుగొందల చిల్లర బిట్లు. ఒకప్పటి డయలప్ మోడెములు దీని ముందు జెట్ విమానాలన్నమాట!

ఒప్పందం మూడే ముక్కలు. టీవీ "ఏఆర్‌సీ మొదలెడదామా?" అంటుంది. సౌండ్‌బార్ "మొదలెట్టు" అంటుంది. టీవీ "మొదలెట్టాను" అంటుంది. ఈ మూడింట్లో ఏ ఒక్కటి దారిలో పడిపోయినా మీకు నిశ్శబ్దమే మిగులుతుంది. మనం రిమోట్ నొక్కి ఆపినప్పుడు ఈ రెండూ నిజంగా ఆగవు, కునుకు తీస్తుంటాయంతే. సీఈసీ చూసుకునే భాగం మేలుకునే ఉంటుంది, పాత లెక్కలన్నీ బుర్రలో పెట్టుకునే ఉంటుంది. మళ్ళీ నొక్కగానే టీవీ లేచి అడిగేస్తుంది. ఆ సరికి సౌండ్‌బార్ ఇంకా కళ్ళు నులుముకుంటూ ఉంటే జవాబు రాదు. తర్వాతేం చెయ్యాలన్నది ఆ టీవీ ఫర్మ్‌వేర్ రాసినవాడి ఇష్టం. కొందరు మళ్ళీ అడిగిస్తారు, కొందరు నోరు మూయిస్తారు. దీన్ని మా వృత్తిలో రేస్ కండిషన్ అంటారు. ఇంజనీరింగ్ కాలేజీలో ఆపరేటింగ్ సిస్టమ్స్ పేపర్లో దీని మీద ప్రశ్న రాని సంవత్సరం లేదు. ప్లగ్గు పీకితే ఏమవుతుందంటే, ఇద్దరి బుర్రలూ ఖాళీ అయిపోయి కొత్తగా పరిచయం చేసుకుంటారు. మర్నాడు మళ్ళీ అదే కునుకు, అదే తొందర.

ఇంతటి ముఖ్యమైన సీఈసీని మీ టీవీ సెట్టింగుల్లో వెతకండి చూద్దాం. ఆ పేరుతో చాలా టీవీల్లో దొరకదు. శాంసంగ్ వాళ్ళు ఎనీనెట్ ప్లస్ అంటారు. సోనీ వాళ్ళు బ్రావియా సింక్. ఎల్‌జీ వాళ్ళకి సింప్లింక్, పానసోనిక్ వాళ్ళకి వియెరా లింక్, ఫిలిప్స్ వాళ్ళకి ఈజీలింక్. ఒకే చెరువుకి ఒడ్డుకో పేరు పెట్టి, నీళ్ళెక్కడున్నాయో మీరే వెతుక్కోండన్నట్టుంది. సౌండ్‌బార్ మాన్యువల్లో "మీ టీవీలో సీఈసీ ఆన్ చెయ్యండి" అని ఉంటుంది. టీవీలో సీఈసీ అనే మాటే ఉండదు. ఇద్దరూ తమ తప్పేం లేదనే అంటారు, చట్టప్రకారం నిజమేనేమో కూడా!

ఇంకో వింత. రెండు సాకెట్లున్న సౌండ్‌బార్ వెనక్కి వెళ్ళి చూడండి. టీవీ నుంచి సౌండు లోపలికి రావాల్సిన రంధ్రం మీద "అవుట్" అని రాసి ఉంటుంది. బొమ్మ అందులోంచి టీవీకి పోతుంది కాబట్టి అవుటేనట. ఇంజనీరుగా నాకు అర్థమవుతుంది. కానీ సౌండు రావాలని కొనుక్కున్న వస్తువు కదా అది, సౌండు లోపలికొచ్చే ద్వారానికి బయటికి అని పేరేంటి? మామూలు మనిషి "ఇన్" అని రాసిన దాంట్లో పెడతాడు. పెట్టాలి కూడా. చదువొచ్చినవాడు చేసే పని అదే.

మా నాన్న తెనాలిలో ఉంటారు. ముప్ఫై ఏళ్ళు లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యారు. పోయినేడాది ఒక రాత్రి ఫోన్ చేసి "ఒరేయ్, సీరియల్‌కి మాట వస్తోంది, సినిమా పెడితే రావట్లేదు. నేనే ఏదో నొక్కేసినట్టున్నానురా" అన్నారు. గొంతు తగ్గించి, అమ్మకి వినబడకుండా. ఆయనేం నొక్కలేదు. ఆ సౌండ్‌బార్ కలిపింది ఆప్టికల్ తీగతో. అందులో కబురు ఒకే వైపు పోతుంది. టీవీ పంపుతుంది, సౌండ్‌బార్ వింటుంది, "నాకిది అర్థం కాదు" అని తిరిగి చెప్పే దారి లేదు. టీవీలో డిజిటల్ ఆడియో "ఆటో"లో ఉంది. సీరియల్ మామూలు స్టీరియోలో వచ్చింది కాబట్టి మోగింది. ఓటీటీలో సినిమా డాల్బీలో వచ్చింది, టీవీ దాన్ని విప్పకుండా మూటతో సహా పంపింది. ఆ చవక సౌండ్‌బార్‌కి మూట విప్పడం రాదు. అందుకే మూగదైపోయింది. ఆ "ఆటో"ని "పీసీఎమ్" అని మార్చగానే మోగింది, ఫోన్లో రెండు నిమిషాల పని.

అంతకుముందు ఆ కంపెనీ హెల్ప్‌లైన్ వాళ్ళు ఆయనతో మూడు సార్లు ప్లగ్గు పీకించారు. టీవీ గోడకి బిగించి ఉంది, సాకెట్ దాని వెనకుంది. అరవై ఆరేళ్ళ మనిషి కుర్చీ ఎక్కి, ఒక చేత్తో టీవీ అంచు పట్టుకుని, రెండో చెయ్యి వెనక్కి పెట్టి తడుముకున్నారు, మూడు సార్లు. నిజానికి ఈ సమస్యకి ప్లగ్గుతో సంబంధమే లేదు. ఫోన్లో ఉన్నమ్మాయిని నేనేమీ అనను, ఆవిడ ముందున్న కాగితంలో అదే రాసి ఉంటుంది. "సీరియల్‌కి వస్తోందా, సినిమాకి రావట్లేదా" అనే ఒక్క ప్రశ్న ఆ కాగితంలో రాయించనివాళ్ళని అంటున్నా. నాకు ఇప్పటికీ మింగుడు పడనిదేంటంటే, వేలమంది పిల్లల తప్పులు దిద్దిన మనిషి, ఎవరో చేసిన తప్పుని తన ఖాతాలో వేసుకున్నారు. ఇలా ఎన్ని ఇళ్ళలో "నాకీ టెక్నాలజీ రాదులే" అనుకుని రిమోట్ పక్కన పెట్టేశారో.

ఇక్కడ మా సాఫ్ట్‌వేర్ మిత్రులే అడ్డం పడతారు. "ఈఏఆర్‌సీ వచ్చేసింది కదా, పాత గోల ఎందుకు?" అని. నిజమే, 2017లో హెచ్‌డీఎమ్‌ఐ 2.1తో పాటు వచ్చింది. అది సీఈసీ మీద ఆధారపడకుండా సొంతంగా మాట్లాడుకోగలదు, మాటకీ పెదాలకీ పొంతన కుదర్చడం అందులో తప్పనిసరి కూడా. బాగుంది. కానీ టీవీలో, సౌండ్‌బార్లో రెండిట్లోనూ ఉంటేనే అది పనిచేసేది. ఒకదాంట్లో లేకపోతే మళ్ళీ పాత ఏఆర్‌సీయే, మళ్ళీ పాత సీఈసీయే. పోనీ డబ్బా మీద "2.1" అని చూసి కొనుక్కుందామా అంటే, ఆ సంఖ్యకున్న విలువ 2021 చివర్లో తేలిపోయింది. 2.0 అనేది ఇంక లేదు, కొత్తవన్నీ 2.1 కిందే లెక్క, అందులోని కొత్త సౌకర్యాలన్నీ ఐచ్ఛికాలే అని ఆ లైసెన్సులిచ్చే సంస్థే చెప్పింది. బిర్యానీ అని బోర్డు పెట్టి, మాంసం మసాలా ఐచ్ఛికం అన్నట్టు.

ఇంకొందరు బ్లూటూత్ పెట్టుకోమంటారు. పెట్టుకోవచ్చు. మామూలుగా వాడే ఎస్‌బీసీ కోడెక్‌తో వందా రెండొందల మిల్లీసెకన్ల ఆలస్యం సర్వసాధారణం. హీరో పెదాలు ముందు, డైలాగు వెనక. డబ్బింగ్ సినిమాలు చూసి అలవాటున్నవాళ్ళకి పరవాలేదేమో :)

కొంచెం గట్టి వాదన ఇంకోటుంది. వందల టీవీలు, వందల సౌండ్‌బార్లు, అన్ని జతలనీ ఎవడు పరీక్షిస్తాడు అని. ఒప్పుకుంటాను, ఎవడూ పరీక్షించలేడు. నేనడిగేది అది కాదు. ఏం జరిగిందో టీవీకి తెలుసు. అడిగింది తనే, జవాబు రానిది తనకే. ఆ సంగతి తెర మీద ఒక్క వాక్యంలో చెప్పమంటున్నాను. "ఏఆర్‌సీ అడిగాను, సౌండ్‌బార్ పలకలేదు." "డాల్బీ పంపుతున్నాను, మాట రాకపోతే పీసీఎమ్‌కి మార్చనా?" ఇందులో కొత్తగా కనిపెట్టాల్సిందేం లేదు. లైనక్స్ కెర్నెల్లోనే సీఈసీకి ఒక విభాగముంది, సీఈసీ-సీటీఎల్ అనే చిన్న ప్రోగ్రాముతో ఈ కబుర్లు వాక్యాల్లా చదువుకోవచ్చు, ఉచితంగా. అది సాధ్యమైనప్పుడు ఇంత పెద్ద కంపెనీలకి ఒక సెట్టింగుల పేజీ పెట్టడం చాతకాదా? రిమోట్ మీద ఓటీటీ ప్రకటనల బటన్లు నాలుగు పెట్టడం చాతనైంది కదా.

చాతకాక కాదు, అవసరం లేక. తప్పు ఎవరిదో తెర మీద కనబడితే ఆ ఫోన్ కాల్ టీవీ కంపెనీకి పోవాలో, సౌండ్‌బార్ కంపెనీకి పోవాలో తేలిపోతుంది. తేలనంత కాలం ఇద్దరూ ఒకరినొకరు చూపించుకోవచ్చు. మధ్యలో షాపువాడు "తీగ మంచిది కాదు సార్" అని బంగారు పూత తీగ రెండు వేలకి అంటగడతాడు. తీగలు పాడవ్వవని కాదు. కానీ నిన్నటిదాకా మోగి, ప్లగ్గు పీకి పెడితే మళ్ళీ మోగే చోట, తీగని అనుమానించడం అన్నిటికన్నా చివర.

అందాకా ఈ బాధ పడుతున్నవాళ్ళకి. తీగ టీవీలో ఏఆర్‌సీ అని రాసి ఉన్న సాకెట్లోనే పెట్టండి, చాలా టీవీల్లో అలాంటిది ఒక్కటే ఉంటుంది. సీఈసీని పైన చెప్పిన మారుపేర్లలో వెతికి ఆన్ చెయ్యండి. కొన్నింటికి వస్తూ కొన్నింటికి రాకపోతే ముందు పీసీఎమ్ పెట్టి చూడండి. సరౌండ్ పోతుంది, మాట వస్తుంది. కర్మకాలి పీకాల్సే వస్తే గోడ వెనక చెయ్యి పెట్టకుండా, ఆ రెండిటికీ కలిపి అందుబాటులో ఒక స్విచ్చున్న ఎక్స్‌టెన్షన్ బాక్సు పెట్టించుకోండి, ముఖ్యంగా ఇంట్లో పెద్దవాళ్ళుంటే. ఇక కొత్త ఆప్టికల్ తీగ కొంటే రెండు చివర్లా గాజులా కనబడే చిన్న ప్లాస్టిక్ టోపీలుంటాయి, అవి పీకి పెట్టండి. అవి తియ్యాలని ప్యాకెట్ మీద కూడా ఎవడూ రాయడు.